కంకిపాటి ముంగిట కారవాను

బెజవాడ బెంజి సర్కిలు దాటి బందరు త్రోవ పట్టినచో కానూరు, పోరంకి, పెనమలూరు, గంగూరు, ఈడుపుగల్లు ఒకదాని కొంగు నొకటి పట్టుకొని వచ్చుచున్నట్లు ఎదురగును. ఇండ్ల నడుమ ఇండ్లు మొలచి, ఏ ఊరు ఎచ్చట ముగిసినదో కొత్తవారికి తెలియని కాలమిది. అయినను సుమారు 15 కిలోమీటర్లు గడచునప్పటికి గాలి కొంత మారును. త్రోవ కిరుప్రక్కల పైరు కానవచ్చును. అదియే మా కంకిపాడు.

మా ఊరిని ధనుర్మాసమున చూడవలెను. వరి కోసి కుప్పలు వేసిన చేలలో, కోతకు ముందే చల్లిన మినుములు రెండేసి ఆకులు విప్పి, నేలమీద పచ్చని జంపఖానా పరచినట్లుండును. తెల్లవారుజామున మంచులో ఏ ముంగిట చూచినను కళ్లాపి చల్లు చప్పుడే. 1855లో బెజవాడ కడ కృష్ణకు ఆనకట్ట ముగిసినది మొదలు, 1957లో దానికి బదులుగా ప్రకాశము బ్యారేజి వచ్చిన తరువాతను, మా సీమ కాలువ నీటితోనే బ్రదుకుచున్నది. కాలువలు పారినన్నాళ్లు ఈ నల్లనేలకు తేమ ఆరదు. ఈ తేమ మాటను పాఠక సోదరీమణులు జ్ఞాపకముంచుకొన వేడెదము. మేము చెప్పబోవు సంగతి యంతయు దానితోనే ముడిపడియున్నది.

గడచిన ధనుర్మాసమున బెంగుళూరు నుండి మా ఆడపడుచు, ఆమె భర్త, ఒక కారవానును అద్దెకు తీసికొని మా యింటికి వచ్చిరి. కారవానన్నచో సినిమా నటులు షూటింగు నడుమ విశ్రమించు బండి యని మాత్రమే మన యెఱుక. ఇప్పుడు కుటుంబముల వారును వీనిలో యాత్రలు సాగించుచున్నారు. కేరళ ప్రభుత్వము 2021లో ఇట్టి యాత్రలకై ప్రత్యేకముగా ఒక పథకమునే ప్రకటించినది. లోపల రెండు మంచములు, చిన్న వంటగట్టు, ఫ్రిజ్జి, నీళ్ల తొట్టి, మరుగుదొడ్డి. ఒక్క మాటలో చెప్పవలెనన్నచో చక్రములమీది కాపురము.

వారు ఆ బండిని తెచ్చుటకు ముఖ్యకారణము మా అత్తగారు. ఆమెకు 74 ఏండ్లు. చిలకలపూడి పాండురంగని దర్శించి మంగినపూడి సముద్రమున స్నానము చేయవలెనని ఎన్నో ఏండ్లుగా ఆమె కోరిక. మా ఊరి నుండి బందరు దూరమేమియు కాదు. అయినను మోకాళ్ల నొప్పుల చేత బస్సు ఎక్కలేదు. కారులో కాళ్లు ముడుచుకొని కూర్చుండలేదు. అన్నిటికంటె మించినది, ఆడువారికి మాత్రమే తెలిసిన బాధ, త్రోవలో మరుగుదొడ్డి దొరకదను భయము. ఆ భయము చేతనే ప్రయాణము నాడు మంచినీళ్లు మానుకొను వృద్ధురాండ్రు మన యిండ్లలో ఎందరు లేరు? పరుండుటకు మంచము, ప్రక్కనే మరుగుదొడ్డి గల బండి వచ్చినదనగానే ఆమె "అయితే వస్తాను" అనెను. ఆ మాటకు ఇంటిల్లిపాదియు పండుగ చేసికొంటిమి.

బండి ముంగిట నిలిచినది. దానికి కరెంటు కావలెను. బండిలో బ్యాటరీ ఉన్నను రాత్రియంతయు ఫ్రిజ్జి నడచి, తెల్లవారునప్పటికి బ్యాటరీ నిండుటకు ఇంటి కరెంటును అందించుట వాడుక. మా ముంగిట ప్లగ్గు లేదు. అప్పుడు మేము చేసిన పనిని సిగ్గు విడిచి చెప్పుచున్నాము. వినాయకచవితి పందిరికి దీపములు కట్టుటకు వాడు రెండు పోగుల తీగ ఒకటి అటకమీద నుండెను. దానిని వంటింటి కిటికీ నుండి లాగితిమి. బండి ప్లగ్గునకు మూడు కాళ్లు, మా తీగకు రెండే కన్నములు. బజారున దొరకు చిన్న దిమ్మ నొకదానిని నడుమ పెట్టి మూడింటిని రెండు చేసితిమి. బండిలో దీపము వెలిగెను. ఫ్యాను తిరిగెను. పని జరిగినదనుకొంటిమి.

మరునాడు తెల్లవారుజామున ఎప్పటివలెనే కళ్లాపి చల్లితిమి. మా అమ్మాయికి పండ్రెండేండ్లు. చెప్పులు లేని కాళ్లతో, తడి చేతులతో బండి చుట్టును కలిసివచ్చునట్లు ముగ్గు పెట్టి, అత్తయ్యకు చూపవలెనని ఉబలాటముతో బండి తలుపు పిడి పట్టుకొనెను. చేయి జిల్లుమని వెనుకకు వచ్చెను. ముగ్గుచిప్ప క్రిందపడెను. అదే సమయమున మా అత్తగారు గోడ పట్టుకొని బండివైపు నడచి వచ్చుచుండిరి. పిల్ల "మామ్మా! బండి ముట్టుకోకు, కొట్టింది!" అని కేక వేసినది.

చలికి చేయి తిమ్మిరెక్కినదేమో యని మొదట మేమే అంటిమి. అన్నయ్యగారు, అనగా మా ఆడపడుచు భర్త, రబ్బరు చెప్పులతో దిగి పిడి పట్టి చూచి, "ఏమీ లేదే!" అనిరి. అప్పుడు మా అత్తగారు, "నువ్వు చెప్పులతో చూశావు నాయనా. ముగ్గు పెట్టేవాళ్లకి చెప్పులుండవు గదా! ఇంకెవరూ పరీక్ష చెయ్యకండి. ముందు తీగ పీకండి" అనెను. చదువుకొన్నవారము నలుగురము అచ్చట నుండియు ఆ మాట మాకు తోచలేదు. వెంటనే లోపల స్విచ్చి ఆపి తీగ తీసివేసితిమి.

ప్రొద్దెక్కినంతనే మా ఊరి ఎలక్ట్రీషియనును పిలిపించితిమి. అతడు మావారి వద్ద చదువుకొన్నవాడు, లైసెన్సు గలవాడు. తీగను చేత పట్టి చూచి నవ్వలేదు. అదియే మాకు ఎక్కువ భయము కలిగించినది. "అమ్మగారూ, అదృష్టం. ఇది చిన్న దెబ్బ. పెద్ద దెబ్బ అయితే చెయ్యి వెనక్కి రాదు, అంటుకుపోతుంది" అనెను. తరువాత అతడు చెప్పిన సంగతులను మాకు తెలిసిన మాటలలో ఇచ్చట వ్రాయుచున్నాము.

కరెంటు ఒక తీగ వెంట వచ్చి, పని చేసి, రెండవ తీగ వెంట తిరిగిపోవును. వచ్చు తీగ ఫేజు, పోవు తీగ న్యూట్రల్. దీపము వెలుగుటకు ఈ రెండే చాలును. కాబట్టి దీపము వెలిగినంత మాత్రమున అంతయు సరిగా నున్నదని తలచుట పొరపాటు. మూడవది ఎర్తు తీగ. అది మామూలుగా ఏ పనియు చేయదు. లోపల ఎచ్చటనైన తొడుగు చిరిగి, ఫేజు ఇనుప ఒంటిని తాకిన నాడు, ఆ కరెంటును మన శరీరము గుండ గాక తన గుండ భూమిలోనికి దింపుట దాని ధర్మము.

ఇంటిలోని ఫ్రిజ్జికిని ఈ బండికిని ఒక భేదమున్నది. బండి రబ్బరు చక్రములమీద నిలిచినది. దానికి నేల అంటదు. భారతమున ధర్మరాజు రథము భూమికి నాలుగంగుళముల మీదుగా నడచెడిదని, ఆ ఒక్క అబద్ధపు మాట తరువాతనే నేలకు దిగినదని చదివియున్నాము. ఆయనకది మహిమ. మన బండికి మాత్రము అదియే అపాయము. ఇనుప ఒంటికి కరెంటు తగిలినను, భూమికి దారి లేదు గనుక ఏ ఫ్యూజును పోదు, ఏ గుర్తును కానరాదు. తడి నేలమీద ఒట్టి కాళ్లతో నిలిచి ఎవరు పిడి పట్టుకొందురో, వారే ఆ దారి యగుదురు. బండి లోపల కూర్చున్నవారికి ఏమియు తెలియదు. ఎక్కునప్పుడును దిగునప్పుడును, ఒక కాలు నేలను, ఒక చేయి బండిని ఉన్న క్షణముననే ప్రమాదము.

మరి ఆ నాటి జిల్లు ఎట్లు వచ్చినది? బ్యాటరీ నింపు యంత్రములలో ఎల్లప్పుడును అతి స్వల్పముగా కరెంటు ఇనుప ఒంటిలోనికి ఊరుచుండునట. మూడవ తీగ ఉన్నచో అది ఎప్పటికప్పుడు భూమిలోనికి పోవును. మేము ఆ మూడవ తీగను దిమ్మతో త్రుంచివేసితిమి గనుక అది బండి ఒంటిమీదనే నిలిచినది. ఆ దినమున అంతటితో పోయినది. లోపలి తీగ చిరిగియుండిన నాడు 230 వోల్టులును ఆ పిడిమీదనే యుండెడివి.

అంతటితో ముగియలేదు. అతడు మా పెరటిలోని పాత ఎర్తు గుంట చూపుడనెను. నేరేడు చెట్టు మొదట నెచ్చటనో ఉండవలెనని తప్ప మాకు దాని జాడయే తెలియదు. త్రవ్వి చూడగా దానికి కట్టిన ఇనుప తీగ తుప్పుపట్టి తెగిపోయి యుండెను. అనగా మూడు పోగుల మంచి తీగ లాగియుండినను, ఆ మూడవ పోగు ఎచ్చటికిని చేరెడిది కాదు. గోడకు మూడు కన్నముల ప్లగ్గు ఉన్నది, అందులో ఎర్తు లేదు. ఎన్ని ఏండ్లనుండి అట్లున్నదో! మా వాషింగు మిషను, నీళ్ల మోటారు, గీజరు అన్నియు ఆ కాలమంతయు దిక్కులేనివై నడచినవి. ఆ మాట తలచినప్పుడు మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరునాటికి పని జరిగినది. గోడకు ఒకటిన్నర మీటరునకు తక్కువ గాని దూరమున గుంట త్రవ్వి, రెండున్నర మీటర్ల జస్తా పూత ఇనుప గొట్టము దించి, చుట్టును బొగ్గును ఉప్పును పొరలు పొరలుగా వేసి, పైన నీళ్లు పోయుటకు గరాటు పెట్టి, మూత గల చిన్న సిమెంటు తొట్టి కట్టిరి. యంత్రముతో కొలిచిన పిమ్మట 3 ఓములకు లోపుగా నున్నదని అతడు తృప్తిపడెను. మా నల్లనేల తేమను పట్టి యుంచును గనుక మంచి ఎర్తు సులభముగా కుదురునట. అయితే ఆ తేమయే ఒట్టి కాళ్లవారికి దెబ్బ ఎక్కువ తగులునట్లు చేయును. వేసవిలో రేగడి బీటలు వారును గనుక అప్పుడప్పుడు ఆ గరాటులో ఒక బిందె నీళ్లు పోయవలెనని చెప్పెను. ఆ పని మా అత్తగారు తాను చేయుదుననిరి.

తరువాత ప్రధాన బోర్డు నుండి బండికై వేఱుగా ఒక వరుస లాగిరి. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలు మూడు గొట్టములో వచ్చినవి. దానికి 16 ఆంపియర్ల ఎం.సి.బి. ఒకటి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఒకటి. ఎం.సి.బి. ఉండగా రెండవది ఎందుకని మేము అడిగితిమి. అతడు చెప్పినది మేము మన వంటింటి మాటలలో చెప్పెదము. ఎం.సి.బి. గంప మోయువాని వంటిది. బరువు మించినప్పుడే దించును. అది తీగను కాపాడును గాని మనిషిని కాపాడదు. 16 ఆంపియర్లకు మించినగాని దానికి చీమ కుట్టినట్లుండదు. మనిషి ప్రాణము పోవుటకు ఆంపియరులో పదియవ వంతైనను చాలును. ఆర్.సి.సి.బి. పొరుగింటికి సోలెడు బియ్యము బదులిచ్చి సోలెడు తిరిగి కొలుచుకొను ఇల్లాలి వంటిది. ఫేజు వెంట ఎంత పోయినదో న్యూట్రల్ వెంట అంత రావలెను. 30 మిల్లీ ఆంపియర్లు, అనగా ఆంపియరులో నూరింట మూడు పాళ్లు, తగ్గినదా, మధ్య నెవరి గుండనో భూమిలోనికి పోవుచున్నదని గ్రహించి సెకనులో మూడవ వంతు గడువక మునుపే తలుపు మూయును. ఇందున్న చిన్న మీటను నెలకొకసారి నొక్కి చూడవలెను. నొక్కగానే ఆగినచో అది మేలుకొనియున్నట్లు. ఆగనిచో వెంటనే మార్పించవలెను.

సాకెట్టును ముంగిటి గోడకు, వాన తగులని చూరు క్రింద, నడుము ఎత్తున బిగించిరి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడలో ఇండ్లలోనికి నీరు వచ్చిన సంగతి మన మెవరము మరువలేదు గదా. మూత గల నీలిరంగు మూడు కాళ్ల సాకెట్టది. ఐరోపా దేశములలో కారవానులు నిలుచు చోట్ల ఇట్టిదే వాడుదురట. అందుండి బండికి 25 మీటర్లకు మించని, 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు పోగుల రబ్బరు తొడుగు తీగ. పలుచని తీగ వేడెక్కును, దూరము పోయినకొలది వోల్టులు తగ్గును. తీగను చుట్టగా నుంచి కరెంటు పంపినచో లోపలి చుట్లు వేడికి కరగిపోవచ్చును గనుక పొట్టి దూరమైనను చుట్టనంతయు విప్పి పరచవలెను. ఇంటి గోడలో ఎరుపు, నలుపు, ఆకుపచ్చ తీగలుండగా, రబ్బరు తీగలో గోధుమ, నీలి, పసుపు గీతల ఆకుపచ్చ రంగులుండును. రంగు తెలియక కలిపినచో ఎంత ప్రమాదమో ఊహింపవచ్చును.

ఇక ఇల్లాలి లెక్క. 230 వోల్టులను 16 ఆంపియర్లతో గుణించినచో 3,680 వాట్లు. బండిలోని ఏసీకి సుమారు 1,500, గీజరునకు 2,000, ఇండక్షను పొయ్యికి 2,000. ఏ రెండైనను అంచుకు వచ్చును లేదా మించును. మూడును కలిసినచో తప్పక మించును. కనుక స్నానముల వేళ వంట వద్దు, వంట వేళ ఏసీ వద్దని బండి తలుపుమీద వ్రాసి అంటించితిమి.

తగిలించుటకును వరుస యున్నది. గోడ స్విచ్చి ఆపియుండగా ముందు బండి వైపు, తరువాత గోడ వైపు తగిలించి, కడపట స్విచ్చి వేయవలెను. తీయునప్పుడు ముందు స్విచ్చి ఆపి, తరువాత గోడ వైపు, చివరకు బండి వైపు. ఇంటి ఇన్వర్టరు వరుసకు బండిని తగిలింపరాదు. కరెంటు పోయిన రాత్రి బండి బ్యాటరీతో ఇంటికి వెలుగు తెచ్చుకొందమని రెండు వైపులను కాళ్లున్న తీగతో గోడ ప్లగ్గులో గ్రుచ్చుట మహాపాపము. అట్లు చేసినచో మన కరెంటు వెనుకకు నడచి వీధి స్తంభమెక్కును. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్లకడ తీరము దాటినట్టి దినములలో, వానలో స్తంభమెక్కి పని చేయు లైన్‌మను, లైను చచ్చియున్నదని నమ్మి చేయి పెట్టును. అతనికిని ఇంట ఒక ఇల్లాలు ఎదురుచూచుచుండును గదా!

ఖర్చంతయు ఒక పట్టుచీర వెలకు లోబడియే యైనది. ఇది స్వంతముగా చేసికొనదగిన పని కాదు. లైసెన్సు గలవారే చేయవలెను. అయితే అడుగవలసినది అడుగుట మన పని.

మూడవనాడు బయలుదేరితిమి. ఉయ్యూరు, పామర్రు దాటి బందరు చేరునప్పటికి మా అత్తగారు కిటికీ ప్రక్క మంచముమీద ఆనుకొని, దారి పొడుగునను చేలు చూచుచు, మూడుమారులు నిర్భయముగా మంచినీళ్లు త్రాగెను. చిలకలపూడిలో పాండురంగని పాదములు స్వయముగా తాకి కన్నీరు పెట్టుకొనెను. మా అమ్మాయి ఆ ఊరి ప్రసిద్ధమైన పూత బంగారపు గాజులు కొనుక్కొనెను.

ఆ రాత్రి బందరున బంధువుల యింటి ముంగిట బండి నిలిపితిమి. వారెంతో ఆదరముతో తీగ తెచ్చి, "తగిలించుకోండమ్మా" అనిరి. మా ఎలక్ట్రీషియను ఇచ్చిన పరీక్షపు ప్లగ్గును ముందుగా వారి సాకెట్టులో పెట్టితిమి. దానికి మూడు చిన్న దీపములుండును. ఎర్తు ఉన్నట్లు చూపు దీపము వెలుగలేదు. వెలిగినను ఎర్తు ఉన్నదని మాత్రమే అది చెప్పును, ఎంత గట్టిదో చెప్పదు. ఆ దీపమే వెలుగనప్పుడు ఆలోచనతో పనియేమి? బంధువులు నొచ్చుకొందురేమో యని మేము వెనుకముందాడుచుండగా మా అత్తగారే, "మా పిల్లకి ఒకసారి కొట్టిందమ్మా. ఈ పూటకి వద్దు. మీరూ మీ ఎర్తు చూపించుకోండి" అని సూటిగా చెప్పెను. ఎవరును నొచ్చుకొనలేదు. ఆ రాత్రి బ్యాటరీ దీపముతో, కిటికీలు తెరచి, దోమతెర కట్టుకొని పరుంటిమి. ఏసీ లేకున్నను ఎవరికిని లోటు తోచలేదు.

తెల్లవారి మంగినపూడి. అచ్చటి ఇసుక నల్లగా, మన పొలము మట్టివలెనే యుండును. కొడుకును కూతురును చెరియొక చేయి పట్టుకొనగా మా అత్తగారు మోకాళ్లలోతు నీళ్లలో నిలిచి, మూడు మునకలకు బదులు మూడు చెంబులు నెత్తిన పోయించుకొనెను. ఒడ్డుకు వచ్చి తడి కాళ్లతో బండి దగ్గరకు నడచి, పిడి పట్టుకొనబోయి ఆగి, "తీగ ఏమీ లేదుగా?" అని అడిగి, లేదనగానే ఎక్కెను.

కారవాను తిరిగి బెంగుళూరు పోయినది. మా ముంగిటి నీలి సాకెట్టు మిగిలినది. ఇప్పుడు మా పొరుగువారి పిల్లవాడు తన ఎలక్ట్రికు స్కూటరును అచ్చటనే నింపుకొనుచున్నాడు. బండి యున్నను లేకున్నను, సోదరీమణులారా, మీ యింటి మూడవ తీగ నేలను చేరినదా, ఆర్.సి.సి.బి. యున్నదా, దాని మీటను కడపట ఎప్పుడు నొక్కితిరి, అను మూడు మాటలు ఈ నెలలో ఒకమారు అడుగుడు. మా యింట ప్రతి నెల మొదటి తేదీన మా అత్తగారు కుర్చీ వేయించుకొని, మా అమ్మాయి చేత ఆ మీట నొక్కించి, టక్కున ఆగిన చప్పుడు విని, ఆ తరువాతనే కాఫీ త్రాగుచున్నారు.